దీపావళికీ పెళ్ళిళ్ళ కాలానికీ ముందు గుర్రం ఉన్నవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

గుర్రాన్ని పోషించేవారికి ఏడాది మొత్తంలో ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యే కాలం ఆశ్వయుజ అమావాస్యతో మొదలవుతుంది. దీపావళి టపాసుల మోత తగ్గిన కొద్దిరోజులకే కార్తీక శుద్ధ ఏకాదశి వస్తుంది. చాతుర్మాస్యం, అంటే పెళ్ళిళ్ళు చేయని నాలుగు నెలల కాలం, పాటించే మార్వాడీ, గుజరాతీ కుటుంబాలు అప్పటినుంచి పెళ్ళి ముహూర్తాలు పెట్టుకుంటాయి కనుక హైదరాబాదులో బరాత్ (వరుని ఊరేగింపు) గుర్రాలకు ఒక్కసారిగా పని పెరుగుతుంది. అంతకు ముందు వానాకాలమంతా చాలా గుర్రాలు పనిలేక కట్టుగొయ్య దగ్గరే నిలబడి ఉంటాయి. నెలల తరబడి కదలకుండా ఉన్న జంతువును తీసుకువచ్చి మర్ఫా (హైదరాబాదీ డప్పుల మేళం) వాయిద్యాల మధ్య, వందమంది జనంలో, మిరుమిట్లు గొలిపే దీపాల కింద నిలబెడితే అది వెనుక కాళ్ళమీద లేవడం, తన్నడం, పరుగు లంకించుకోవడం సహజం. దానిని పొగరు అనుకుని కొరడా తీయడం మన దగ్గర చాలామందికి అలవాటు. నేను చూసినంతలో ఆ మొండితనం వెనుక భయమో, నొప్పో, కదలిక లేకపోవడమో తప్పకుండా ఉంటుంది. ఈ మూడింటినీ ఊరేగింపు రాత్రి సరిచేయలేము. కనీసం నెల, నెలన్నర ముందునుంచే పని మొదలుపెట్టాలి.

మొదట నొప్పిని వెతకాలి. మెడ దిగువన జీను ముందుభాగం ఆనేచోటునుంచి నడుము వరకు వెన్నెముకకు రెండువైపులా అరచేతితో నెమ్మదిగా నొక్కుతూ పోవాలి. ఎక్కడైనా వీపు కుంగదీసినా, చెవులు వెనక్కి అణచినా, తోక విసిరినా అక్కడ జీను రాపిడి ఉన్నదని గ్రహించాలి. ఎక్కగానే ఎగిరిపడే గుర్రాలు కొన్ని జీను మార్చి, వీపుకు విశ్రాంతి ఇవ్వగానే నెమ్మదించడం అనుభవజ్ఞులైన సాయిసులందరికీ (గుర్రాలను చూసుకునేవారికి) తెలిసిన విషయమే. తర్వాత నోరు చూడాలి. పైదవడ దంతాలకు బుగ్గవైపు, కిందిదవడ దంతాలకు నాలుకవైపు వాడి అంచులు పెరుగుతాయి. కళ్ళెం తగిలినప్పుడల్లా తల విదిలించడానికి, మేత నమలలేక ఉండలుగా ఉమ్మివేయడానికి ఇది కారణం కావచ్చు. పశువైద్యునిచేత ఏడాదికి ఒకసారైనా ఆ అంచులను అరగదీయించాలి. వానలు వెళ్ళిన సమయం కాబట్టి డెక్కల అడుగుభాగాన్ని రోజూ శుభ్రం చేసి, మధ్యభాగంలోని గాడులలో నల్లటి, దుర్గంధంతో కూడిన కుళ్ళు ఉన్నదేమో చూడాలి. నాల్‌బంద్‌ను (లాడాలు కొట్టేవానిని) 6 నుంచి 8 వారాలకు ఒకసారి పిలిపించి గిట్టలు చెక్కించాలి. అరిగి నున్నబడిన లాడాలతో సిమెంటు రోడ్డుమీద నడిపిస్తే గుర్రం జారిపడుతుంది, ఒకసారి జారిన గుర్రం ఆ తర్వాత అడుగు వేయడానికే భయపడుతుంది. వానాకాలంలో ఈగలు కుట్టిన గుర్రం విడిచి విడిచి జ్వరంతో చిక్కిపోతూ ఉంటే, ఈగలవల్ల సోకే సర్రా వ్యాధి ఉన్నదేమో రక్తపరీక్ష చేయించకుండా దానిని పనికి పెట్టకూడదు. ధనుర్వాతం టీకా ఏడాది దాటితే ఇప్పుడే వేయించాలి.

దాణా విషయంలో జరిగే పొరపాటు ప్రవర్తనలోనే కనిపిస్తుంది. పని ఉన్న రోజులలో పెట్టినన్ని ఉలవలు పని లేని రోజులలోనూ పెడితే ఆ శక్తి అంతా దూకుడుగా బయటపడుతుంది. ఖాళీ రోజులలో గింజల దాణా తగ్గించి, గడ్డి మాత్రం తగ్గించకుండా ఉంచాలి. 350 కిలోల గుర్రానికి రోజుకు 5 నుంచి 7 కిలోల ఎండుమేత, 25 నుంచి 40 లీటర్ల మంచినీళ్ళు కావాలి. పని మొదలయ్యే ముందు దాణాను వారం, పదిరోజులలో కొద్దికొద్దిగా పెంచాలి. గుర్రం వాంతి చేసుకోలేదు, దాని పొట్ట శరీరంతో పోలిస్తే చిన్నది. అందువలన ఒకేసారి ఎక్కువ దాణా పెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది. దాణాతోపాటు కదలిక కూడా పెంచాలి. రోజూ ఉదయం అరగంట నడకతో మొదలుపెట్టి, వారం వారం సమయాన్ని, వేగాన్ని పెంచుతూ పోతే ఒంట్లో బిగుతు, మనసులో కలత రెండూ తగ్గుతాయి.

శబ్దానికి అలవాటు చేయడం ఓపికతో చేయవలసిన పని. టపాసుల చప్పుడు, డప్పు, మర్ఫా రికార్డులను ఫోనులోనో చిన్న స్పీకరులోనో అతి తక్కువ ధ్వనితో, గుర్రం మేత తినే వేళ, దూరంగా వినిపించాలి. అది తల దించి నమలుతూ, చెవులు అటూ ఇటూ తిప్పుతూ ఉంటే మరునాడు కొద్దిగా ధ్వని పెంచవచ్చు. తల ఎత్తి, ముక్కుపుటాలు విప్పార్చి, కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూస్తూ మేత మానివేస్తే మాత్రం వెంటనే ధ్వని తగ్గించి, దూరం పెంచి, మళ్ళీ కిందిమెట్టునుంచి మొదలుపెట్టాలి. భయపడిన క్షణంలో కొడితే ఆ చప్పుడుకూ దెబ్బకూ దాని మనసులో ముడిపడిపోతుంది, తర్వాత దానిని విప్పడం చాలా కష్టం. జనంలో, వాయిద్యాలలో తిరిగి అలవాటైన పెద్దవయసు గుర్రాన్ని పక్కన నిలబెడితే కొత్తది త్వరగా స్థిమితపడుతుంది. శబ్దం ఒక్కటే కాదు, ఊరేగింపులో తలలమీద మోసే దీపాల వరుస, జనరేటరు బండి, గొడుగు, పొగ యంత్రం కూడా ముందుగా ఒక్కొక్కటిగా చూపించాలి.

పట్టుకునే మనిషికి కూడా నియమాలు ఉన్నాయి. గుర్రానికి రెండువైపులా దాదాపు చుట్టూ కనిపిస్తుంది కాని, నుదుటికి సరిగ్గా ఎదురుగాను, తోక వెనుకను కనిపించదు. కాబట్టి ఎప్పుడూ మాట్లాడుతూ, భుజం వైపునుంచి దగ్గరకు వెళ్ళాలి. తాడును చేతికి చుట్టుకోకూడదు; మడతలుగా పట్టుకుంటే అది పరిగెత్తినా చెయ్యి చిక్కుకోదు. కట్టేటప్పుడు ఒక్క లాగుతో ఊడిపోయే ముడి వేయాలి. గుర్రం వెనుక కాళ్ళమీద లేవబోతున్నదని అనిపిస్తే పగ్గాలు వెనక్కి లాగరాదు. లాగితే అది వెల్లకిలా పడవచ్చు. పగ్గాన్ని వదులుచేసి, తలను ఒక పక్కకు తిప్పి, వెనుక కాళ్ళు ఒకదానినొకటి దాటేలా చిన్న వలయంలో నడిపిస్తే దాని బలం చెదిరిపోతుంది. ముళ్ళున్న కళ్ళెం ఎంత అల్లరి గుర్రానికైనా వాడకూడదు. లాగుడు, మోత జంతువుల పట్ల క్రూరత్వ నివారణ నియమాలు 1965లోనే వాటిని నిషేధించాయి. నోరు తెగిన గుర్రం మరింత బెదురుతుందే తప్ప లొంగదు.

దీపావళి రాత్రికి ప్రత్యేకంగా సిద్ధపడాలి. సాయంత్రం చీకటి పడకముందే నీళ్ళు తాగించి, నడిపించి, గుర్రాన్ని లాయంలోకి చేర్చాలి. తాటాకు లేదా గడ్డి కప్పున్న పాక అయితే రాకెట్ నిప్పురవ్వల ప్రమాదం చాలా ఎక్కువ. వీలైతే ఆ రెండుమూడు రోజులు రేకుల షెడ్డుకో, ఊరికి దూరంగా ఉన్న తెలిసినవారి చోటుకో తీసుకువెళ్ళడమే ఉత్తమం. గడ్డివామును లాయానికి ఆనుకుని ఉంచకూడదు, నీళ్ళ డ్రమ్ములు, ఇసుక బకెట్లు చేతికి అందేలా ఉంచాలి. వీధివైపు కిటికీలు మూసినా పొగ బయటకు పోయే దారి ఉండాలి. లోపల ఒక కరెంటు దీపం వెలిగించి ఉంచితే బయటి మెరుపులు అంతగా భయపెట్టవు. అగాడి, పిచాడి తాళ్ళతో (ముందువైపు, వెనుక కాళ్ళకు కట్టే తాళ్ళతో) కట్టిన గుర్రం బెదిరి గుంజుకుంటే కాలు విరిగే ప్రమాదం ఉంది కాబట్టి, మూసిన గదిలో వదిలివేయడమే మంచిది. తప్పనిసరిగా కట్టవలసి వస్తే దానికి అలవాటైన మనిషి రాత్రంతా అక్కడే ఉండాలి. మత్తు ఇంజెక్షన్ వైద్యుడు చూసి ఇవ్వవలసినదే. మత్తులో మందంగా కనిపించే గుర్రం కూడా హఠాత్తుగా తన్నగలదు.

మరునాడు పొద్దున్నే లాయం చుట్టూ, మేత తొట్టెలో కాలిన కాగితాలు, కాకరపువ్వొత్తుల తీగలు ఏరివేయాలి. రాత్రంతా భయపడి మేత, నీళ్ళు ముట్టని గుర్రానికి కడుపునొప్పి వచ్చే అవకాశం ఉంది. నేలను కాలితో గీకడం, పక్కలవైపు తిరిగి తిరిగి చూడడం, పొర్లడం, పేడ వేయకపోవడం దాని లక్షణాలు. నిలకడగా ఉన్న గుర్రానికి నాడి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, ఊపిరి 8 నుంచి 16 సార్లు ఆడుతుంది. నాడి 60 దాటితే గంటలు వేచి చూడరాదు. నోట్లో నూనె, సోడా పోయడం మన దగ్గర ఇంకా కనిపిస్తుంది. అది ఊపిరితిత్తులలోకి దిగి చంపగలదు కాబట్టి ఎవరు చెప్పినా చేయకండి. మేత తీసివేసి పశువైద్యునికి కబురు చేయాలి. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ సంచార పశువైద్య సేవలకు 1962 నంబరు ఉంది.

ఇక పెళ్ళిబృందంతో మాట్లాడుకోవలసినది బయానా (ముందస్తు సొమ్ము) తీసుకునేటప్పుడే మాట్లాడుకోవాలి. గుర్రం దగ్గర టపాసులు కాల్చకూడదని, వెనుక పిల్లలు నిలబడకూడదని, ఎన్ని గంటల ఊరేగింపో ముందే తేల్చాలని స్పష్టంగా చెప్పాలి. గుర్రం మోసే బరువు జీనుతో కలిపి దాని బరువులో అయిదోవంతు దాటకపోవడం మంచిది. 350 కిలోల గుర్రానికి అది 70 కిలోలే. వరుని ముందు చిన్నబాబును తోటి పెళ్ళికొడుకుగా కూర్చోబెట్టే ఇళ్ళలో ఆ లెక్క తేలికగా దాటిపోతుంది. పెద్ద గుర్రాన్ని పంపడమో, బాబును చివరి పదిఅడుగులకే ఎక్కించడమో చేయాలి. గుర్రాన్ని డప్పుకు ఆడించమని అడిగితే కాదనాలి, ఎందుకంటే ఆ ఆట చాలాచోట్ల దెబ్బలతో నేర్పించినదే. పగ్గం పట్టుకునే సాయిసుతోపాటు, జనాన్ని దూరంగా ఉంచడానికి మరొక మనిషి తప్పకుండా ఉండాలి. ఊరేగింపు ముగిశాక జీను వెంటనే దించి, చెమట ఆరేవరకు నడిపించి, కొద్దికొద్దిగా నీళ్ళు పట్టి, వీపునూ నోటి మూలలనూ దీపం వెలుగులో చూడాలి. ఎక్కడైనా చర్మం చిట్లి ఉంటే మరునాటి బయానా తిరిగి ఇచ్చివేయాలి. ఒకే రాత్రి రెండు ఊరేగింపులకు అదే గుర్రాన్ని పంపడం మాత్రం ఎంత డబ్బు ఇస్తామన్నా ఒప్పుకోకండి.