కొర్రమీను కొడుతోంది, పడట్లేదు: ఉత్తర కార్తెలో లూర్ల తిప్పలు

వినాయక నిమజ్జనం అయిపోయి, బతుకమ్మకు తంగేడు పూలు కోసే రోజులకు హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులు నిండుగా ఉంటాయి. మత్తడి దుంకడం ఆగి నీళ్లు నిలకడకొస్తాయి. ఉత్తర, హస్త కార్తెలు. లూర్, అంటే నకిలీ ఎర, వేసేవాళ్లకు ఇదే అసలు సీజన్. నాకు ఫోన్లు మొదలయ్యేదీ ఇప్పుడే: “అన్నా, డబ్బా నిండ లూర్లున్నయి, ఒక్క చేప పడ్తలేదు.”

ఆ డబ్బా తెరిపిస్తే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. అన్నీ బాస్ అనే చేపను పట్టే అమెరికా వీడియోలు చూసి కొన్నవే. అక్కడ సెప్టెంబరు, అక్టోబరుల్లో నీళ్లు చల్లబడుతుంటే షాడ్ అనే చిన్న చేపల గుంపులు పాయల్లోకి చేరతాయి, బాస్ వాటి వెంట పడుతుంది. అందుకే వాళ్లు షాడ్‌లా వెండిరంగులో మెరిసే క్రాంక్‌బెయిట్లు, అంటే లాగితే నీళ్లలోకి దిగి ఈదే గట్టి ప్లాస్టిక్ లూర్లు, వాడతారు. మన చెరువుల్లో ఆ ఆట ఆడేది కొర్రమీను, మన రాష్ట్ర చేప. అది గుంపుల వెంట నడి చెరువులో పరుగెత్తే రకం కాదు. తుంగలో, తామరాకుల కింద కదలకుండా పొంచి ఉంటుంది. కప్పో, చిన్న పరకో దగ్గరికొస్తే ఒక్క ఉదుటున మీద పడుతుంది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా దాని లెక్కే.

సమస్య: ప్రతి విసురుకూ చేపకు బదులు గడ్డి వస్తోంది

ఎండాకాలమంతా ఎండిపోయి పచ్చిక మొలిచిన చెరువు లోపలి శిఖం భూమి ఇప్పుడు మోకాలి లోతు నీళ్లలో ఉంటుంది. కప్పలు, పురుగులు, చేప పిల్లలు అక్కడే. కొర్రమీనూ అక్కడే. మూడు కొక్కేల గాలాలు వేలాడే లూర్ అందులో వేస్తే దువ్వెనలా గడ్డి దువ్వుకొస్తుంది తప్ప ఇంకేం జరగదు.

రబ్బరు ఫ్రాగ్ తీసుకోండి, కప్ప ఆకారంలో, లోపల బోలుగా ఉండేది. దాని రెండు గాలాలూ వీపును ఆనుకుని ఉంటాయి కాబట్టి గడ్డి మీద, ఆకుల మీద జారిపోతుంది. గడ్డి మధ్య నీటి మడుగులుంటే గాలం మొన రబ్బరులో దాచిన సాఫ్ట్ ప్లాస్టిక్ అనే మెత్తటి లూర్ కూడా పనిచేస్తుంది. కొన్న క్రాంక్‌బెయిట్లు పారేయక్కర్లేదు. తూము దగ్గర, కట్ట రాళ్ల వెంట నీళ్లు ఖాళీగా ఉన్నచోట వాడుకోండి. నిమజ్జనం జరిగిన వైపు మాత్రం వద్దు. విగ్రహాల వెదుర్లు, ఇనుప చువ్వలు అడుగున ఉంటే మీ లూర్ వాటికి నైవేద్యమే.

సమస్య: ఫ్రాగ్ మీద దెబ్బ పడుతోంది, లాగితే ఖాళీగా వస్తోంది

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. నన్నూ రెండేళ్లు ఏడిపించింది.

శంకర్‌పల్లి వైపు ఒక చెరువు. పొద్దున్నే ఫ్రాగ్‌ను తామరాకు మీద పడేలా విసిరి, మెల్లగా అంచుదాకా లాగి ఆపాను. ఆకు అంచు కొద్దిగా వంగింది. ఫ్రాగ్ జారి నీళ్లను తాకిందో లేదో, గుబుక్కుమని నీళ్లు గుంట పడ్డాయి. నేను వెంటనే రాడ్ ఎత్తి కొట్టాను. ఫ్రాగ్ రాయిలా నా మొహం మీదికి ఎగిరొచ్చింది. అలా నాలుగుసార్లు. కట్ట మీద వెదురు గాలం పట్టుకుని కూర్చున్న తాత చూసి చూసి అన్నాడు: “గంత తొందరేంది బిడ్డా? నోట్లె వెట్టుకోనియ్యి.”

మొదటి కారణం అదే, తొందర. మనం చప్పుడుకు లాగుతాం, చేప అప్పటికింకా నోరు సరిగ్గా మూయదు. దెబ్బ పడగానే రాడ్ కొన కిందికి దించండి, వదులుగా ఉన్న లైన్ చుట్టేయండి. ఒకటి, రెండు అనుకోండి. లైన్ పక్కకు నడిచినా, బరువు తగిలినా అప్పుడు గట్టిగా లాగండి. చెప్పడం తేలిక. చేయి ఆగడానికి నాకు ఒక సీజన్ పట్టింది.

ఆగినా పడకపోతే తప్పు ఫ్రాగ్‌లో ఉంది. వేళ్ల మధ్య పెట్టి నొక్కి చూడండి. మెత్తగా కుంగి రెండు మొనలూ బయటికి రావాలి. గట్టిగా ఉంటే కాసేపు వేడినీళ్లలో వేసి, బాగా పిసకండి. అప్పటికీ మొనలు వీపులోకి కూరుకుని ఉంటే ప్లయర్‌తో ఒక వెంట్రుకవాసి బయటికి తెరవండి. ఎక్కువ తెరిస్తే మళ్లీ గడ్డి బాధ మొదలవుతుంది. వెనక తోకలా వేలాడే రబ్బరు పోగులు పొడుగ్గా ఉంటే సగానికి కత్తిరించండి, చేప వాటినే పట్టి వదిలేస్తుంటుంది. కడుపులోకి నీళ్లు చేరితే ఫ్రాగ్ మునుగుతుంది, కుంగదు కూడా. రెండు మూడు విసుర్లకోసారి పిండాలి.

బాస్ కోసం చేసిన ఫ్రాగ్ ఆరేడు సెంటీమీటర్లుంటుంది. మన చెరువుల్లో దొరికే కిలో లోపు చేపలకు నాలుగైదు సెంటీమీటర్లది చాలు. కొర్రమీను దవడ గట్టి ఎముక, పళ్లు కూడా ఉంటాయి. అందుకే గాలం పదునుగా ఉండాలి: గోరు మీద పెడితే గీత పడాలి, జారకూడదు.

ఒకసారి తప్పిందని చోటు మార్చకండి. రెండు నిమిషాలాగి అదే గుంటలోకి మెత్తటి సాఫ్ట్ ప్లాస్టిక్ వేయండి. కొర్రమీనుకు కోపం ఎక్కువ, తరచూ మళ్లీ వస్తుంది.

సమస్య: వానపడ్డ మర్నాడు ఏ లూర్ వేసినా పట్టించుకోవట్లేదు

నీళ్లు చాయ్ రంగులో ఉంటే చేప కంటితో కంటే ఎక్కువగా ఒంటి పక్కనున్న గీత ద్వారా నీటి కదలికతో వేట పట్టుకుంటుంది. అలాంటప్పుడు చప్పుడు చేయని ఫ్రాగ్ అక్కడుందని దానికెలా తెలుస్తుంది? రేకు తిరిగి నీళ్లు కదిలించే లూర్, జంప్ ఫ్రాగ్ గానీ, స్పిన్నర్‌బెయిట్ గానీ వేయండి. రంగు నలుపు. పైనున్న లూర్‌ను చేప కిందినుంచి ఆకాశం వెలుగులో చూస్తుంది కాబట్టి నలుపు నీడే స్పష్టంగా కనిపిస్తుంది. ఒకే వేగంతో లాగండి. దానికి గురి కుదరాలి కదా.

సమస్య: వెంట వస్తోంది, ఒడ్డుదాకా వచ్చి తిరిగిపోతోంది

నీళ్లు తేటపడ్డాయి, చేప లూర్‌ను తీరిగ్గా చూస్తోంది. చిన్నది వేయండి, ఆకుపచ్చ, గోధుమ లాంటి మట్టి రంగులకు మారండి. మధ్యలో ఆపండి. మీ నీడ నీళ్ల మీద పడుతోందేమో కూడా చూసుకోండి. చాలాసార్లు లూర్ తప్పు కాదు, అంచుకు వచ్చి నిలబడ్డ మన తప్పు.

సమస్య: అసలు ఉలుకూ పలుకూ లేదు

లూర్ మార్చడం ఆపి, పది నిమిషాలు కట్ట మీద కూర్చోండి. కొర్రమీనుకు మొప్పలు ఒక్కటే సరిపోవు, పైకొచ్చి గాలి మింగాల్సిందే. నీళ్లమీద చిన్న సుడి, చప్పున ఒక శబ్దం, రెండు బుడగలు. ఎక్కడా అది కనబడకపోతే మీ డబ్బాలో ఏముందన్నది అనవసరం, వేరే అంచుకు నడవండి. కనబడితే దాని నెత్తిన వేయకండి. రెండు మూడు గజాలు అవతల వేసి, ఆ చోటు మీదుగా తెండి. ఎండెక్కాక బయటి అంచులు వదిలేసి, గుర్రపు డెక్క నీడ చూసుకోండి.

నీళ్లమీద ఎర్రటి చేపపిల్లల ముద్ద ఒకటి కదులుతూ కనిపిస్తే, కింద తల్లీ తండ్రీ కాపలా ఉన్నట్టు. అక్కడ ఏ లూర్ వేసినా కొడతాయి, ఆకలికి కాదు, పిల్లల కోసం. వాటిని పడితే ఆ ముద్ద మొత్తం పరకల పాలవుతుంది. నేను వేయను, నాతో వచ్చేవాళ్లనూ వేయనివ్వను.

సమస్య: పడింది, కానీ గడ్డిలో చుట్టుకుని తెంపుకుపోయింది

కారణం సన్నటి నైలాన్ లైన్, మెత్తటి రాడ్. 30 నుంచి 50 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్), ఏడడుగుల మీడియం హెవీ, అంటే కాస్త గట్టి, రాడ్ ఉండాలి. లైన్‌ను లూర్‌కు కట్టే ముడి పాలోమార్ అనేది. పడగానే తల పైకెత్తించి ఆపకుండా చుట్టడమే, ఆడించడాలు తర్వాత.

సమస్య: ఎవరో వచ్చి రాడ్ మడుచుకుని పొమ్మన్నారు

ఊరి చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘానిది. పిల్లలు వదిలేది, కాపలా కాసేది వాళ్లు. వెళ్లగానే సంఘం పెద్దను అడగండి, పట్టి వదిలేస్తామని చెప్పండి. నా అనుభవంలో చాలామంది ఒప్పుకున్నారు, ఒకరిద్దరు చేపలెక్కడున్నాయో కూడా చూపించారు. సంగారెడ్డి దగ్గరి మంజీరా జలాశయం మాత్రం అభయారణ్యం, అక్కడ చేపలు పట్టకూడదు. పైగా మొసళ్లు.