మన ఎండల్లో ఫోన్ బ్యాటరీని కాపాడుకునే తీరు

పోయిన వేసవిలో ఒకరోజు మా అమ్మగారి ఫోన్‌ను బల్ల మీద పెట్టి, అంచును వేలితో తాకితే అది బొంగరంలా నెమ్మదిగా తిరిగింది. వెనక మూత మధ్యలో ఉబ్బెత్తుగా లేచినందువల్ల ఫోన్ బల్లకు ఒక్క చోటే ఆనుతోంది. స్క్రీన్‌కూ చట్రానికీ మధ్య ఎడమ వైపున గోరు దూరేంత సందు కూడా ఏర్పడింది. ఆ ఫోన్ కొని అప్పటికి రెండేళ్లు కాలేదు, ఎప్పుడూ నీళ్లలో తడవలేదు, ఛార్జర్ కూడా దానితో వచ్చినదే. కారణం కోసం వెతికితే, ఆమె ప్రతి మధ్యాహ్నం ఫోన్‌ను టీవీ కింద సెట్‌టాప్ బాక్సు మీద పెట్టి, అక్కడి ప్లగ్గుకే ఛార్జింగ్ పెడుతున్నారని తెలిసింది. ఆ బాక్సు మీద చెయ్యి ఆనిస్తే కాఫీ పోసిన స్టీలు గ్లాసును పట్టుకున్నట్టుంది.

మన ఇళ్లలో ఛార్జింగ్ గురించి మాట వస్తే చర్చంతా శాతాల మీదే సాగుతుంది. ఎనభై దగ్గర తీసేయాలా, వంద దాకా ఉంచాలా, రాత్రంతా వదిలేయవచ్చా అని అడిగేవారే గానీ, ఫోన్‌ను ఎక్కడ పెట్టి ఛార్జ్ చేయాలని అడిగేవారు అరుదు. శాతాల లెక్కకు విలువ ఉంది, దాని సంగతి తరువాత చెబుతాను. అయితే మే నెలలో పగటి ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలు దాటే ఊళ్లలో ఉండేవారు అన్నిటికన్నా ముందు సరిచేసుకోవలసింది ఫోన్ ఉండే చోటునే.

దీనికి కారణం బ్యాటరీ లోపలి పనితీరులో ఉంది. ఇప్పటి ఫోన్లలో ఉండేవి లిథియం అయాన్ బ్యాటరీలు. 1991లో సోనీ సంస్థ వీటిని మొదటిసారి మార్కెట్‌లోకి తెచ్చింది; వీటికి పునాది వేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకీరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఛార్జ్ అవుతున్నప్పుడు లిథియం అయాన్లు ఒక పక్క నుంచి బయలుదేరి, మధ్యలో ఉన్న ద్రవాన్ని దాటి, రెండో పక్క ఉన్న గ్రాఫైట్ పొరల్లోకి చేరతాయి. ఫోన్ వాడుతున్నప్పుడు మళ్లీ వెనక్కి వస్తాయి. ఈ రాకపోకల్లో కొద్దిపాటి లిథియం గ్రాఫైట్ మీద పేరుకునే సన్నని పొరలో చిక్కుకుని ఇక పనికి రాకుండా పోతూ ఉంటుంది. బ్యాటరీ ముసలిదైపోవడంలో పెద్ద వాటా దీనిదే. వేడి పెరిగే కొద్దీ ఆ పొర తొందరగా మందమవుతుంది, ద్రవం విరిగి వాయువులు పుడతాయి, బ్యాటరీని ఉబ్బించేవి ఆ వాయువులే. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని రసాయనశాస్త్రంలో ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్న చోట వాడుకోవాలని ఆపిల్ సంస్థ చెబుతుంది. రోహిణి కార్తెలో రేకుల ఇంట్లోనో, పై అంతస్తులో స్లాబు కింద గదిలోనో రాత్రి ఏడింటికి కూడా 35 దాటే ఉంటుంది. అంటే ఛార్జింగ్ వల్ల పుట్టే వేడి మొదలు కాకముందే మన ఫోన్ హద్దు దాటి ఉందన్నమాట.

కాబట్టి ఈరోజే ఇల్లంతా ఒకసారి తిరిగి, ఎవరి ఫోన్ ఎక్కడ ఛార్జ్ అవుతోందో చూడండి. ఫ్రిజ్ పైన, స్టెబిలైజర్ మీద, ఇన్వర్టర్ పక్కన, వైఫై రూటర్‌కు ఆనించి, పొయ్యి ఉన్న గట్టు మీద, పడమటెండ పడే కిటికీ గూట్లో పెట్టే అలవాటు ఉంటే మానుకోవాలి. ప్లగ్గు అక్కడే ఉంది కదా అని చాలామంది ఫోన్‌ను అక్కడే వదిలేస్తారు. దానికి మార్గం కాస్త పొడవైన మంచి కేబుల్ కొనుక్కోవడమే. పరుపు మీద, దిండు కింద పెట్టడం వీటన్నిటికన్నా చెడ్డ అలవాటు, ఎందుకంటే దూది వేడిని బయటికి పోనివ్వదు, ఏదైనా చెడితే నిప్పు అంటుకునేది కూడా ఆ పరుపుకే, ఆ పక్కన నిద్రపోయేది మనమో మన పిల్లలో అవుతాం. మా ఇంట్లో ఇప్పుడు అందరి ఫోన్లూ హాల్లో కడప బండ అర మీద, ఫ్యాను గాలి తగిలే చోట ఛార్జ్ అవుతాయి. రాతి బండ, టైల్సు వేసిన గట్టు, ఏమీ పరవని చెక్క బల్ల, వీటిలో ఏదైనా మంచిదే. ఫోన్‌కు మందపాటి రబ్బరు కవరో, తోలు పర్సులాంటి కవరో ఉంటే, కనీసం వేసవి నెలల్లోనైనా ఛార్జింగ్ పెట్టే ముందు దాన్ని తీసేయండి.

చోటు మార్చినా ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్‌తో చేసే పని వల్ల మళ్లీ అంత వేడీ పుట్టవచ్చు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్లలో ఇది రోజూ జరిగేదే: మాట్లాడుతుండగా మధ్యలో ఫోన్ ఆగిపోతుందన్న భయంతో తల్లిదండ్రులు ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టి మరీ గంటసేపు వీడియో కాల్ మాట్లాడతారు. అప్పుడు స్క్రీన్, కెమెరా, నెట్, ఛార్జింగ్ నాలుగూ ఒకేసారి వేడి పుట్టిస్తాయి. కాల్‌కు అరగంట ముందే ఫోన్‌ను ఛార్జ్ చేసి, పిన్ను తీసేసి మాట్లాడమని వారికి చెప్పండి. ఛార్జింగ్‌లో ఉండగా హాట్‌స్పాట్ ఆన్ చేయడం, గేములు ఆడటం కూడా ఈ కోవలోకే వస్తాయి. ఫోన్ బాగా వేడెక్కితే కొందరు దాన్ని ఫ్రిజ్‌లో పెడతారు, దయచేసి ఆ పని చేయకండి. చల్లబడిన ఫోన్ మీద, లోపల కూడా గాలిలోని తేమ నీటి చుక్కలై చేరుతుంది. పిన్ను తీసి, కవరు తీసి, ఫ్యాను కింద పది నిమిషాలు వదిలేస్తే చాలు.

బండి మీద తిరిగేవారి కష్టం వేరు. ఫుడ్ డెలివరీ, బైక్ ట్యాక్సీ నడిపే కుర్రాళ్ల ఫోన్ హ్యాండిల్ స్టాండుకు బిగించి ఉంటుంది, మ్యాప్ కోసం స్క్రీన్ పూర్తి వెలుతురులో ఉంటుంది, పైన ఎండ, కింద బండికున్న యూఎస్‌బీ నుంచి ఛార్జింగ్. బ్యాటరీకి ఇంతకన్నా కఠినమైన పరీక్ష లేదు, వారికి ఆ ఫోనే బతుకుతెరువు కూడా. చిరునామా ఒకసారి చూసుకున్నాక స్క్రీన్ ఆపి, మలుపుల సూచనలను ఇయర్‌ఫోన్‌లో వింటూ వెళ్లడం, ఎండలో వెళుతున్నంతసేపు ఛార్జింగ్ తీసేసి, ఆర్డరు కోసం హోటలు ముందు నీడన ఆగినప్పుడు పవర్ బ్యాంక్‌తో పెట్టుకోవడం వారికి సాధ్యమయ్యే పనులే. కారులో తిరిగేవారు డాష్‌బోర్డు మీద ఫోన్ వదిలి దిగిపోకూడదు, ఎండలో అద్దాలు మూసి ఉంచిన కారు లోపలి వేడి 60 డిగ్రీలకు కూడా చేరుతుంది.

ఇక శాతాల సంగతి. ఫోన్‌ను పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడి, ఆ తరువాత వంద దాకా ఎక్కించాలన్న మాట మనలో ఇంకా చాలామంది నమ్ముతారు. అది పాతకాలపు నికెల్ కాడ్మియం బ్యాటరీలకు చెప్పిన జాగ్రత్త. సగంలో ఛార్జ్ చేస్తూ పోతే అవి ఆ సగాన్నే గుర్తు పెట్టుకున్నట్టు ప్రవర్తించేవి. లిథియం బ్యాటరీకి అలాంటి బాధ లేదు, పైగా పూర్తిగా ఖాళీ కావడం, పూర్తిగా నిండి ఉండటం రెండూ దానికి భారమే. నిండిన బ్యాటరీలో వోల్టేజీ రమారమి 4.2 నుంచి 4.4 వోల్టుల దాకా ఉంటుంది, ఆ ఒత్తిడిలో ఎంత ఎక్కువ సేపు ఉంటే లోపలి ద్రవం అంత తొందరగా చెడుతుంది. అందుకే 20కి, 80కి మధ్య తిప్పుకోవడం మంచిదంటారు. తరచుగా కొద్దికొద్దిగా ఛార్జ్ చేస్తే సైకిళ్లు అయిపోతాయన్న భయం అక్కర్లేదు: ఈరోజు 50 శాతం, రేపు మరో 50 శాతం వాడితేనే ఒక సైకిల్ పూర్తవుతుంది, పిన్ను ఎన్నిసార్లు గుచ్చారన్నది లెక్కలోకి రాదు. ఐఫోన్ 14, అంతకు ముందు మోడళ్ల బ్యాటరీలు 500 సైకిళ్ల తరువాత, ఐఫోన్ 15 మొదలుకొని వచ్చినవి 1000 సైకిళ్ల తరువాత, తగిన పరిస్థితుల్లో వాడితే, 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారు చేశామని ఆపిల్ చెబుతోంది. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధనలు ఈ విషయంలో 800 సైకిళ్లను కనీస హద్దుగా పెట్టాయి.

అయితే 80 దగ్గర పిన్ను తీయడానికి ఫోన్ ముందు కాపలా కూర్చోవడం నేను ఎవరికీ చెప్పను. ఆ కాపలా పని ఫోన్‌కే అప్పగించవచ్చు. ఐఫోన్ 15 మొదలుకొని వచ్చిన మోడళ్లలోనూ, శాంసంగ్, పిక్సెల్ ఫోన్లలో చాలావాటిలోనూ సెట్టింగ్స్‌లోని బ్యాటరీ విభాగంలోకి వెళితే 80 శాతం వద్ద ఆపే ఏర్పాటు కనిపిస్తుంది; మిగతా కంపెనీల ఫోన్లలో కూడా అక్కడే వెతికి చూడండి. రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేసే అలవాటు ఉన్నవారు, మీరు నిద్రలేచే వేళను గమనించి చివరి భాగాన్ని తెల్లవారుజామున మాత్రమే నింపే అడాప్టివ్ ఛార్జింగ్‌ను ఆన్ చేసుకోవచ్చు. ఈ ఏర్పాట్లేవీ లేకపోయినా వంద దాటి కరెంటు ఎక్కదు, ఫోన్ తానే ఆపేస్తుంది. ఇబ్బందల్లా నిండిన స్థితిలోనే ఐదారు గంటలు ఉండిపోవడం, అది కూడా వేడి గదిలో. ప్రయాణం ఉన్ననాడు, గాలివానకు కరెంటు పోయేలా ఉన్ననాడు వంద దాకా నింపుకోవడంలో తప్పేమీ లేదు. ఫోన్ మన అవసరం కోసమే ఉంది.

ఫాస్ట్ ఛార్జింగ్ అంటే భయపడేవారు చాలామంది ఉన్నారు. ఛార్జర్ మీద ఎన్ని వాట్లు రాసి ఉన్నా ఫోన్ తనకు కావలసినంతే తీసుకుంటుంది, 80 దాటాక వేగం తానే తగ్గిస్తుంది. తొందర లేనప్పుడు, ముఖ్యంగా రాత్రివేళ, తక్కువ వాట్ల పాత ఛార్జర్ వాడితే వేడి తగ్గుతుంది, అంతవరకే. వైర్‌లెస్ ఛార్జింగ్‌లో మాత్రం కొంత శక్తి వేడిగానే వృథా అవుతుంది కాబట్టి వేసవిలో కేబులే మేలు. భయపడవలసింది పేరూ ఊరూ లేని ఛార్జర్లకు. మన దేశంలో అమ్మే ఛార్జర్ మీద భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే అది ఏ కంపెనీ పేరున నమోదైందో తెలుస్తుంది. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ లోహపు అంచును తాకితే జిల్లుమంటున్నా, పిన్ను దగ్గర కేబుల్ పసుపు రంగుకు తిరిగినా, ప్లగ్గు వదులై చిటపటలాడుతున్నా ఆ ఛార్జర్‌ను ఇక వాడకండి.

చికాగో, టొరంటో లాంటి చోట్ల ఉండే మనవారికి ఇదంతా తిరగేసి వర్తిస్తుంది. సున్నా కన్నా తక్కువ చలిలో ఛార్జ్ చేస్తే లిథియం గ్రాఫైట్‌లోకి చేరకుండా పైనే లోహంగా పేరుకుంటుంది, అందుకే చలికాలంలో బయటి నుంచి వచ్చిన ఫోన్ గది వేడికి వచ్చాకే ఛార్జింగ్ పెట్టాలి.

వాడకుండా బీరువాలో దాచే పాత ఫోన్ విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. దాన్ని సగం ఛార్జ్ చేసి, స్విచ్ ఆఫ్ చేసి, చల్లని అరలో పెట్టండి, ఆరు నెలలకోసారి తీసి మళ్లీ సగానికి ఎక్కించండి. ఖాళీ బ్యాటరీతో ఏడాది పడుకోబెట్టిన ఫోన్ మళ్లీ లేవకపోవచ్చు.

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా బ్యాటరీకి ఒక ఆయుష్షు ఉంటుంది. ఐఫోన్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ శాతం కనిపిస్తుంది, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ కనిపిస్తుంది. ఆ శాతం 80 కన్నా తగ్గినా, ఛార్జ్ ఇంకా 30 శాతం చూపిస్తూ ఉన్నట్టుండి ఫోన్ ఆగిపోతున్నా బ్యాటరీ మార్పించే సమయం వచ్చినట్టే. కొత్త ఫోన్ ఖరీదులో చిన్న భాగంతో ఆ పని అయిపోతుంది, వీలైతే కంపెనీ సర్వీస్ సెంటర్లోనే చేయించండి.

ఉబ్బిన బ్యాటరీ విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. వెంటనే ఛార్జింగ్ ఆపి, ఫోన్ స్విచ్ ఆఫ్ చేయాలి. ఉబ్బును వేలితో నొక్కి సరిచేయాలని చూడకూడదు, సూదితో గుచ్చకూడదు, మూత బలవంతంగా మూయకూడదు. మా అమ్మగారి ఫోన్‌ను ఆ రాత్రి పెరట్లో, వాన పడని చోట, సిమెంటు గట్టు మీద, చుట్టుపక్కల మండేవేమీ లేకుండా ఉంచి, మర్నాడు ఉదయం సర్వీస్ సెంటర్‌కు తీసుకువెళ్లాను. తీసిన పాత బ్యాటరీని వారికే అప్పగించాను. 2022లో వచ్చిన వ్యర్థ బ్యాటరీల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీలను తిరిగి సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులది, కాబట్టి అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. పాత బ్యాటరీ చిన్నదే కదా అని ఇంటి చెత్తబుట్టలో వేయకండి. పొద్దున్నే వచ్చే చెత్త బండిలో చెత్తను అదిమినప్పుడు అది నలిగితే మంటలు లేస్తాయి, ఆ బండి మీద చేతులతో చెత్త వేరుచేస్తూ మనుషులు నిలబడి ఉంటారు.