చెక్ ఇంజిన్ లైటు ఆరడం లేదా? సెన్సర్ కొనేముందు ఎర్త్ వైరు విప్పండి

2020లో బీఎస్-6 (బళ్ల పొగ కాలుష్యం మీద కొత్త నిబంధన) వచ్చినప్పటి నుంచి షెడ్డుకొచ్చే బైకుల్లో సగం గోల ఇదే. సెన్సర్ మార్చాం, లైటు ఆరలేదు అంటారు. బ్యాటరీ టెర్మినళ్లు చేత్తో కదిపి చూశారా అంటే మాట్లాడరు. ముందు ఆ పని చేయండి. వదులుగా ఉంటే బిగించండి, తెల్లగా పొడి పట్టి ఉంటే గీకండి. బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీకి మల్టీమీటర్ పెడితే 12.4 వోల్టులకు తగ్గకూడదు, ఇంజిన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి.

ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లైటు ఆరడం లేదు

బండి కదిలి కాస్త వేగం అందుకుంటేనే అది ఆరుతుంది, స్టాండు మీద పెట్టి చూస్తే లాభం లేదు. రోడ్డు మీదా ఆరకపోతే చక్రం దగ్గర సెన్సర్ మొనకు పట్టిన బురద తుడవండి. పంక్చర్ వేయించిన రోజు నుంచే మొదలైందా? ఆ సెన్సర్ ఎదురుగా చక్రంతో తిరిగే పళ్ల రింగు వంగిందేమో చూడండి.

ఇంజిన్ లైటు వస్తూ పోతూ ఉంది, స్కానర్ పెట్టిన ప్రతిసారీ వేరే కోడ్ (లోపం నంబరు) చూపిస్తోంది

మనల్ని ముప్పుతిప్పలు పెట్టేది ఇదే. ఇవాళ ఆక్సిజన్ సెన్సర్ అంటుంది, వారం పోయాక థ్రాటిల్ సెన్సర్ అంటుంది. ఇన్ని సెన్సర్లు ఒకేసారి పోవు. వీటన్నిటికీ ఉమ్మడిగా ఉండేది ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ వెళ్లే వైరు. అది సరిగా అందకపోతే సెన్సర్ పంపే వోల్టేజీని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) తప్పుగా చదివి, నేరం సెన్సర్ మీద వేస్తుంది.

మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ల వైపు తిరిగే బళ్లకూ, రొయ్యల గుంటల గట్ల మీద నడిచే బళ్లకూ ఇది ఎక్కువ. ఉప్పుగాలి తేమ ఛాసిస్‌కీ లగ్గుకీ (ఎర్త్ వైరు కొసన ఉండే రింగు) మధ్య దూరుతుంది. పైకి బోల్టు మెరుస్తానే ఉంటుంది, బిగువుగానే ఉంటుంది. విప్పితే అడుగున తుప్పు. లగ్గు పక్కన వైరు తొడుగు ఉబ్బి, వంచితే కరకరమందంటే లోపల రాగికి చిలుం పట్టిందన్నమాటే.

విప్పకుండా తేల్చుకునే దారి ఉంది. మల్టీమీటర్ నల్ల పుల్ల బ్యాటరీ నెగటివ్ మొన మీద, ఎర్ర పుల్ల ఇంజిన్ మీద పెయింటు లేని బోల్టు మీద పెట్టి సెల్ఫ్ కొట్టండి. 0.2 వోల్టుల లోపు వస్తే మంచిదే. అర వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. ఛాసిస్ మీదా అలాగే చూడండి.

ఎర్త్ పాడని తేలితే, బ్యాటరీ నెగటివ్ వైరు మొదట తీసేయండి. లగ్గునూ, అది కూర్చునే చోటునూ ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్దండి. రాగి పచ్చబడి ఉంటే మంచి రాగి కనపడేదాకా కత్తిరించి కొత్త లగ్గు వేయించండి. బిగించాక పైన వేజలిన్ పూయండి, మధ్యలో కాదు. కోడ్ క్లియర్ చేయడం ఆ తర్వాత. ముందే చేస్తే జాడ పోతుంది.

వాటర్ వాష్ చేయించిన మర్నాడే లైటు వచ్చిందంటే కప్లర్లలో (వైర్లు కలిపే ప్లగ్గుల్లో) నీళ్లు చేరి ఉంటాయి. ఊడదీసి, గాలి పట్టి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి.

ఇక ఎలుకలు వైరు కొరికాయంటే కంటికే కనపడుతుంది. ఈసీయూ పోవడం చాలా అరుదు. ఏ మెకానిక్ అయినా మొదటి మాటే ఈసీయూ పోయింది అన్నాడంటే అక్కడి నుంచి బండి తీసుకుని వచ్చేయండి.