చక్ వీపున దాక్కున్న రజను

మూడు నెలలు బేరింగులను తిట్టుకున్నాను. లోహపు కడ్డీని తిప్పుతూ కోసే యంత్రమే లేత్. నా చిన్న లేత్‌లో ఏ కడ్డీ బిగించినా కొస దగ్గర డయల్ గేజ్ (సన్నటి ఊగును కొలిచే పరికరం) ముల్లు ఊగుతూనే ఉండేది. బేరింగులు అరిగిపోయాయని తేల్చేసుకుని కొత్తవి కొన్నాను. వాటిని మార్చడానికి చక్, అంటే కడ్డీని పట్టి తిప్పే భాగం, విప్పితే, స్పిండిల్ (తిరిగే ఇరుసు) కొసన ఉండే పళ్లెం లాంటి ఫ్లాంజ్‌కీ చక్ వీపుకీ మధ్య ఒక ఇనుప రజను ముక్క నలిగి రేకులా అంటుకుని కనిపించింది. మైక్రోమీటర్‌లో పెడితే 0.05 మి.మీ. ఉంది.

అంత చిన్న ముక్క ఏం చేస్తుందిలే అనిపిస్తుంది కదా? లెక్క వేసి చూడండి. 70 మి.మీ. వెడల్పున్న ఫ్లాంజ్ మీద ఒక అంచున 0.05 ఎత్తు లేస్తే, అక్కడికి 100 మి.మీ. దూరంలో జాబ్, అంటే బిగించిన ముక్క, 0.07 పక్కకు ఒరుగుతుంది. తిరుగుతున్నప్పుడు డయల్ దానికి రెట్టింపు, అంటే 0.14 చూపిస్తుంది. ఆ కొత్త బేరింగులు ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉన్నాయి.

అందుకే ఎవరైనా చక్ గురించి అడిగితే నేను వీపు నుంచే మొదలుపెడతాను. బిగించే ముందు ఫ్లాంజ్ ముఖం, చక్ వెనక గుంట, ఆ గుంటలో కూర్చునే గట్టు, ఈ మూడింటినీ గుడ్డతో తుడవండి. గుడ్డ సరిపోదు, ఆ తర్వాత వేలితో తడమండి. కంటికి ఆనని బర్ (అంచున లేచిన లోహపు ముల్లు) వేలికి తగులుతుంది. తగిలితే సన్నటి నూనెరాయితో ఆ ఒక్క చోటే రుద్దాలి. ఆకురాయి వద్దు, ముఖమంతా పాడవుతుంది. తర్వాత ఒక్క చుక్క నూనె రాసి చక్ పెట్టి, నట్లను కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. ఒకదాన్ని పూర్తిగా బిగించాక రెండోదానికి వెళ్తే చక్ ఒక పక్కకు లాక్కుంటుంది. చక్‌కీ ఫ్లాంజ్‌కీ ఎదురెదురుగా చిన్న పంచ్ గుర్తు పెట్టుకుంటే ప్రతిసారీ అదే స్థానంలో కూర్చుంటుంది. కొన్ని చిన్న లేత్‌లలో ఫ్లాంజ్ ఉండదు, స్పిండిల్‌కే మర ఉంటుంది. అలాంటి దాన్ని రివర్స్‌లో తిప్పితే చక్ విడిపోయి బయటికి రావచ్చు, జాగ్రత్త. ఏ రకమైనా సరే, చక్ తీసేటప్పుడు కింద బెడ్ (లేత్ అడుగున నున్నటి పట్టాలు) మీద చెక్క పలక పెట్టండి. 80 మి.మీ. చక్ కూడా చేతికి అనుకున్నదానికన్నా బరువుగానే ఉంటుంది, పడితే ముందు దెబ్బ తినేది బెడ్.

ఇక ముందు వైపు. వర్క్‌షాపుల్లో జా అంటారు, నేను దవడ అనే రాస్తాను. త్రీ జా చక్‌లో కీ (చక్ బిగించే చెవి) తిప్పితే లోపలి పినియన్ అనే చిన్న పళ్లచక్రం తిరిగి స్క్రోల్‌ను తిప్పుతుంది. స్క్రోల్ అంటే పళ్లెం మీద చెక్కిన దోమల కాయిల్ లాంటి మర. మూడు దవడల వెనక పళ్లు ఆ మరలోనే ఉంటాయి కాబట్టి మూడూ ఒకేసారి కదులుతాయి. అయితే మర ఒక్కో దవడకూ ఒక్కో చోట అందుతుంది కనుక మూడు దవడల పళ్లూ ఒకేలా ఉండవు. వాటి మీద 1, 2, 3 అని అంకెలు ఉండేది అందుకే. మార్చేటప్పుడు 1వ గాడిలోకి చూస్తూ కీ తిప్పండి. స్క్రోల్ మర మొదలయ్యే కొస కనిపిస్తుంది. అది గాడి దాటేలోపు కొంచెం వెనక్కి తిప్పి, 1వ దవడను లోపలికి నొక్కి పట్టుకుని ముందుకు తిప్పితే మర దాన్ని అందుకుంటుంది. అలాగే 2, తర్వాత 3. అన్నీ పూర్తిగా మూసి చూడండి. మూడూ మధ్యలో ఒకేసారి కలిస్తే సరే. ఒకటి వెనకబడితే మళ్లీ మొదటి నుంచి. నేను తొందరలో 2, 3 తారుమారు చేసి, కడ్డీ అడ్డదిడ్డంగా తిరుగుతుంటే వంగిపోయిందనుకుని ఆ కడ్డీనే పారేశాను.

బిగించడంలో రెండు కొలతలు మనసులో పెట్టుకోండి. దవడల లోపల జాబ్ కనీసం తన వ్యాసమంత పొడవు కూర్చోవాలి. బయటికి వ్యాసానికి మూడు రెట్ల కన్నా ఎక్కువ పొడుచుకు వస్తే టెయిల్‌స్టాక్ సెంటర్ (ఎదురు కొసను ఆనించే మొన) ఆసరా ఇవ్వాలి. 10 మి.మీ. కడ్డీ 50 మి.మీ. బయట పెట్టి సెంటర్ లేకుండా కోస్తే టూల్ కడ్డీని కోయదు, తోస్తుంది. దవడలు చక్ అంచు దాటి బయటికి చాలా వచ్చినా నాకు నచ్చదు. అప్పుడు స్క్రోల్ మీద ఒకటో రెండో పళ్లు మాత్రమే పట్టుకుని ఉంటాయి. పెద్ద జాబ్ అయితే తిరగేసిన దవడలు వాడండి, అవి పెట్టెలో పడి ఉండేది అందుకే. పొడవాటి కడ్డీని స్పిండిల్ రంధ్రం గుండా పంపి వెనక వదిలేస్తే, వేగంగా తిరిగినప్పుడు ఆ వెనక కొస కొరడాలా వంగి కొడుతుంది. దాన్ని ముందే కోసి పొట్టి చేసుకోండి.

పలచటి గొట్టం బిగించాలంటే లోపల గట్టిగా సరిపోయే బిరడా పెట్టాలి, లేకపోతే మూడు మూలల గొట్టం తయారవుతుంది. నున్నగా తీసిన ముఖం మీద దవడ గుర్తులు పడకుండా కూల్ డ్రింక్ డబ్బా రేకు ముక్కలు మూడు చుట్టండి. ఆ రేకు డబ్బా నడిమి భాగంలో ఇంచుమించు ఒకే మందంగా, దాదాపు 0.1 మి.మీ. ఉంటుంది కాబట్టి మూడు దవడల కిందా సమానంగా సరిపోతుంది.

చాలామంది అడిగేది, మంచి త్రీ జా చక్ ఎంత నిజంగా, అంటే ఊగకుండా, తిరగాలని. చిన్న లేత్‌లలో 0.05 నుంచి 0.1 వరకు ఊగితే నేను పట్టించుకోను. ఎందుకంటే చక్ ఊగినా, ఒకే బిగింపులో కోసిన ముఖాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ నిజంగానే తిరుగుతాయి. ఊగేది పాత ముఖం, కొత్తది కాదు. తేడా వచ్చేది జాబ్ విప్పి తిరగేసినప్పుడు. కాబట్టి పని మొదలుపెట్టకముందే, ఏ రంధ్రం ఏ బయటి వ్యాసంతో కలవాలో చూసుకుని, ఆ రెండూ ఒకే బిగింపులో పూర్తయ్యేలా వరుస వేసుకోండి. నా టెన్షన్ సగం తగ్గింది ఈ ఒక్క అలవాటుతో.

తిరగేయక తప్పనప్పుడు, లేదా చదరపు ముక్క, ముతక పోత ముక్క అయినప్పుడు ఫోర్ జా చక్ ఎక్కించాలి, అందులో నాలుగు దవడలూ విడివిడిగా కదులుతాయి. దాన్ని చూసి భయపడేవాళ్లు ఎక్కువ. నేనూ ఏడాది పాటు దాన్ని పెట్టెలోంచి తియ్యలేదు. గుండ్రటి జాబ్‌ను చక్ ముఖం మీది వలయాల సాయంతో కంటి అంచనాకు మధ్యలో పెట్టి, మోటారు ఆపి ఉండగా డయల్ ఆనించండి. 1వ దవడ డయల్ వైపు ఉన్నప్పుడు ఒక అంకె చూడండి, చక్‌ను చేత్తో సగం తిప్పి 3వ దవడ దగ్గర ఇంకో అంకె చూడండి. తేడా 0.40 వచ్చిందనుకుందాం. జరపాల్సింది అందులో సగమే, 0.20. అంకె ఎక్కువ చూపించిన వైపు బయటికి జరిగి ఉన్నట్టు. దానికి ఎదురు దవడను కొంచెం వదులు చేసి, ఎక్కువ చూపించిన దవడను బిగించండి. ఆ జత కుదిరాకే 2, 4 పట్టుకోండి. నలుగురినీ ఒకేసారి సముదాయించబోతే ఎవరూ వినరు. రెండు మూడు చుట్లలో 0.02 లోపుకు వస్తుంది. ఇప్పుడు నాకు అయిదు నిమిషాల పని.

కీ సంగతి. ఒకసారి చక్‌లోనే వదిలేసి స్విచ్ వేశాను. అది బెడ్‌కు కొట్టుకుని ఎగిరి లైటు డొప్పను సొట్ట చేసింది. నా తల దానికి జానెడు ఇవతల ఉంది. ఇప్పుడు స్విచ్ పక్కనే మేకు కొట్టి కీ అక్కడ తగిలిస్తాను, మేకు ఖాళీగా కనిపిస్తే స్విచ్ మీద చెయ్యి వెయ్యను. కీకి గొట్టం తొడిగి బిగించే పని కూడా వద్దు. చేతి బలం చాలలేదంటే దవడలు మురికిగా ఉన్నాయనో, జాబ్ సరిగ్గా కూర్చోలేదనో అర్థం. స్విచ్ వేసే ముందు చక్‌ను చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి, దవడలు టూల్‌కూ దాన్ని మోసే క్యారేజ్‌కూ తగలవని చూడండి. చేతి తొడుగులు, వేలాడే చొక్కా చేతులు అక్కడికి రాకూడదు. కళ్లద్దాలు ఎలాగూ ఉండాలి. స్విచ్ వేసిన మొదటి క్షణం చక్‌కు ఎదురుగా కాక పక్కన నిలబడండి. చక్ మీద గరిష్ఠ వేగం చెక్కి ఉంటే దాన్ని దాటకండి, వేగం పెరిగేకొద్దీ దవడలు బయటికి లాగబడి పట్టు తగ్గుతుంది.

శుభ్రం చెయ్యడానికి గాలి గొట్టం వాడకండి. అది రజనును బయటికి తోస్తుందనుకుంటాం, స్క్రోల్ లోపలికి తోస్తుంది, మిగిలింది కళ్లలోకి. బ్రష్ చాలు. పోత ఇనుము కోసిన రోజు, ఎమెరీ పేపర్ పట్టిన రోజు మాత్రం దవడలు తీసి తుడవాలి. ఆ పొడి నూనెతో కలిస్తే సానపెట్టే ముద్దే. ఎమెరీ వాడేటప్పుడు బెడ్ మీద కాగితం కప్పడం మరవకండి.

నేను ఏడాదికి రెండుసార్లు చక్‌ను పూర్తిగా విప్పుతాను. నా దానికి వెనక మూడు అలెన్ స్క్రూలు, పక్కన పినియన్లను ఆపే చిన్న స్క్రూలు ఉన్నాయి. విప్పే ముందు ఏ పినియన్ ఏ రంధ్రంలోదో గుర్తు పెట్టుకోవాలి. స్క్రోల్ రాకపోతే ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా తట్టండి. కిరోసిన్‌లో నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో మర గాళ్లన్నీ తోమి, ఆరాక స్క్రోల్ వీపున, పినియన్ పళ్లకు పలచగా గ్రీజు, ముందు మరకు నూనె చాలు. ముందు వైపు గ్రీజు దట్టిస్తే రజను అందులో అంటుకుని కూర్చుంటుంది, పైగా స్విచ్ వెయ్యగానే మీ చొక్కా మీద గీత పడుతుంది. కొత్త చక్ వచ్చినా ఇదే చెయ్యండి. తుప్పు పట్టకుండా రాసే జిడ్డు లోపలంతా ఉంటుంది.

చివరిగా చూడాల్సింది దవడల నోరు. పొట్టి ముక్కలను కొసలతోనే పట్టి పట్టి, ముందు భాగం అరిగి గంట నోరులా తెరుచుకుంటుంది. గ్రైండ్ చేసిన నిటారు కడ్డీ ఒకటి బిగించేటప్పుడు దవడ ముందు కొసన ఒక సన్నటి కాగితం ముక్క, వెనక కొసన ఒకటి పెట్టండి. బిగించాక రెండూ లాగండి. వెనకది ఆగి ముందుది జారిపోతే నోరు తెరుచుకున్నట్టే. అదే కడ్డీ మీద దవడల దగ్గర ఒకసారి, 100 మి.మీ. దూరంలో ఒకసారి డయల్ పెట్టి, రెండు అంకెలూ తేదీతో రాసుకోండి. నా నోటుపుస్తకంలో మొదటి గీత 0.06, 0.14. రజను తీశాక రాసిన రెండో గీత 0.06, 0.07.