కలుపు మందు వేసిన సరస్సులో బాస్ చేపను వెతకడం ఎలా

సరస్సులో కలుపు మందు వేశారని తెలియగానే ఆ ఏడాదికి బాస్ వేట ముగిసిందనుకొని గాలాలు సర్దేసేవారు ఎందరో ఉంటారు. నిర్దేశించిన మోతాదులో వాడిన మందు నేరుగా బాస్‌ను చంపడం అరుదు. అది మార్చేది చేప ఉండే చోటును, తినే వేళను. లార్జ్‌మౌత్ బాస్ (పెద్ద నోరున్న మంచినీటి బాస్) మాటు వేసి, కంటితో చూసి పట్టే చేప కాబట్టి, నాచు మొక్కలు మరీ దట్టంగా ఉంటే దానికి ఎర కనబడదు, బొత్తిగా లేకపోతే దాగడానికి చోటుండదు. అందువల్ల కలుపు పోయిందా లేదా అన్న ప్రశ్న కన్నా, ఎంత పోయింది, ఎంత వేగంగా పోయింది అన్నదే గాలం వేసేవారికి ముఖ్యం.

కాబట్టి పడవ దింపే ముందు ఏ మందు, ఏ తేదీన, సరస్సులో ఏ భాగంలో వేశారో కనుక్కోండి. ఒడ్డున పెట్టిన నోటీసులో ఈ వివరాలతో పాటు నీటి వాడకంపై గడువులూ ఉంటాయి. చాలా మందుల విషయంలో ఆ గడువులు తాగునీటికి, సాగునీటికి సంబంధించినవే అయినా, పట్టిన చేపను తినదలచినవారు నోటీసును పూర్తిగా చదవడం మంచిది. డైక్వాట్, ఎండోథాల్ వంటి స్పర్శ మందులు తగిలిన భాగాన్ని కొద్ది రోజుల్లోనే మాడ్చేస్తాయి. ఫ్లూరిడోన్ వంటి అంతర్వాహిక మందుతో, అంటే మొక్క లోపలికి ఇంకి అంతటా పాకే మందుతో, కొత్త చిగుళ్లు తెల్లగానో గులాబీ రంగులోనో పాలిపోయి, మొక్క వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి క్షీణిస్తుంది. డైక్వాట్ బంకమట్టి రేణువులకు అంటుకొని పనిచేయకుండా పోతుంది గనుక, బురదనీటి వాగు కలిసే పాయలో కలుపు బతికిపోయే అవకాశం ఉంది. అటువంటి పాయను గుర్తుపెట్టుకోండి.

స్పర్శ మందు వేసిన తరువాత వచ్చే అసలు చిక్కు ఆక్సిజన్. చచ్చిన మొక్కలు కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. పైగా వెచ్చని నీరు చల్లని నీటికన్నా తక్కువ ఆక్సిజన్‌ను పట్టి ఉంచుతుంది. వేసవి నడుమ దట్టమైన కలుపును ఒకేసారి చంపితే చేపలు మూకుమ్మడిగా చనిపోవడానికి కారణం సాధారణంగా ఇదే. అందుకే సరస్సును భాగాలుగా విడదీసి, రెండు విడతల నడుమ రెండు వారాల దాకా వ్యవధి ఇస్తూ మందు వేయడం పరిపాటి. లీటరు నీటిలో ఆక్సిజన్ 5 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే బాస్‌పై ఒత్తిడి మొదలై, మేత మందగిస్తుంది. ఈ కొరత తెల్లవారుజామున పరాకాష్ఠకు చేరుతుంది కనుక, మామూలుగా వేటకు మేలైన ఆ వేళ ఈ కొద్ది రోజులూ అక్కరకు రాదు. పొద్దెక్కాక వెళ్లండి, కుళ్లువాసన వచ్చే పాయలను వదిలి, గాలి అలలు కొట్టే ఒడ్డును గాని, వాగు నీరు చేరే మూలను గాని ఎంచుకోండి.

ఇక గాలం వేసే చోటు. మందు సోకని కలుపుకు, చచ్చిన కలుపుకు నడుమ ఏర్పడే పచ్చని అంచు అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే దాగే చోటు తగ్గేకొద్దీ చిన్న చేపలూ వాటి వెంట బాస్‌లూ మిగిలిన పచ్చదనం దగ్గరికే చేరతాయి. కలుపుపై తేలే కప్ప ఆకారపు ఎరను పక్కన పెట్టి, ఆ అంచు వెంబడి స్పిన్నర్‌బైట్ (గిర్రున తిరిగే రేకు ఉన్న కృత్రిమ ఎర) లాగండి. పచ్చదనం ఏమీ మిగలని చోట మునిగిన మానులు, పడవల రేవు స్తంభాలు, ఒడ్డు ఒక్కసారిగా లోతుకు దిగే అంచులు బాస్‌కు ఆశ్రయమవుతాయి; అక్కడ జిగ్‌ను (బరువైన తల ఉన్న గాలపు ఎరను) అడుగుదాకా దింపి నెమ్మదిగా కదపాలి. కొన్ని వారాల తరువాత, కుళ్లిన మొక్కల నుంచి విడుదలైన పోషకాలతో నీరు పచ్చగా మారితే చూపు మసకబారుతుంది గనుక, మోత చేసే ఎర, కదలికను నీటిలో బాగా పుట్టించే ఎర మేలు.

మందుకు బదులు కలుపును మేయడానికి వదిలే గడ్డి చేపల (గ్రాస్ కార్ప్) సంగతి వేరు. మందు ప్రభావం ఒక రుతువులో తీరవచ్చు గాని, ఈ చేపలు పదేళ్లకు పైగా బతికి మేస్తూనే ఉంటాయి, ఇష్టమైన మొక్కలతోనే ఆగిపోవు. అమెరికాలోని టెక్సస్‌లో ఉన్న కాన్రో సరస్సులో 1981, 1982లలో సుమారు 2,70,000 గడ్డి చేపలను వదిలితే 1983 నాటికి నీటిమొక్కలు దాదాపు పూర్తిగా మాయమయ్యాయి. అక్కడ బాస్‌ల సంఖ్య తగ్గినా, దాగడానికి చోటులేని చిన్న చేపలను తొందరగా తినడం మొదలుపెట్టిన బాస్ పిల్లలు తొలి ఏడాది వేగంగా పెరిగాయి. తక్కువ చేపలు, కొన్ని పెద్దవి: అలాంటి సరస్సులో రోజంతా తిరిగే ఓపిక ఉండాలి.

కలుపు నియంత్రణపై అభిప్రాయం చెప్పే అవకాశం మీకు దక్కితే, పూర్తి నిర్మూలనను కోరకండి. సరస్సు విస్తీర్ణంలో 20 నుంచి 40 శాతం దాకా మొక్కలు ఉండటం బాస్‌కు అనుకూలమని తరచూ సూచిస్తారు. నీరు 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే వేళ మగ బాస్ లోతు తక్కువ నీటిలో గూటిని కాస్తూ ఉంటుంది కనుక, గూళ్లున్న ఒడ్డును అప్పటికి వదిలేయమని అడగండి. మందును మొత్తం పరచడానికి బదులు చారలుగా వేస్తే పడవకు దారీ దొరుకుతుంది, ప్రతి చారకు రెండు పక్కలా కొత్త అంచూ ఏర్పడుతుంది.