మానవ స్వభావంపై క్రైస్తవ బోధను యువజన కూటంలో వివరించే పద్ధతి

మనిషి పాపి అనే మాటతో పాఠాన్ని ఆరంభించకండి. మన కూటాల్లో అనేక ప్రసంగాలు ఆదాము హవ్వల అవిధేయతను చెప్పే ఆదికాండము మూడవ అధ్యాయంతోనే మొదలవుతాయి గాని, దానికంటే ముందే, మొదటి అధ్యాయం 26, 27 వచనాల్లో, దేవుడు స్త్రీపురుషులను తన స్వరూపమందు సృజించాడని ఉంది. ముందుగా ఆ వచనాలను చదివించి, ఆ స్వరూపం రాజులకో యాజకులకో పరిమితం కాలేదని వివరించండి. కులాలవారీగా వాడలు విడిపోయిన వరంగల్ పల్లెల్లో ఈ ఒక్క అంశం మీదే అరగంట చర్చ జరిగినా సమయం వృథా కాదు.

తరువాత రెండవ అధ్యాయం ఏడవ వచనానికి రండి. నేలమంటితో చేసిన దేహంలో దేవుడు జీవవాయువును ఊదగా మనిషి ప్రాణి అయ్యాడు. దేహం చెడ్డదనీ ఆత్మ ఒక్కటే మంచిదనీ శ్రోతలు అనుకుంటూ ఉంటే ఇక్కడే సరిదిద్దాలి. క్రైస్తవం ఎదురుచూసేది దేహ పునరుత్థానం కోసం. మొదటి కొరింథీ పత్రిక 15వ అధ్యాయం చూపితే చాలు.

పతనం దగ్గర, అంటే ఆ మూడవ అధ్యాయంలో మనిషి పాపంలో పడిన ఘట్టం దగ్గర, ఆచితూచి మాట్లాడాలి. జన్మపాపం అనగానే పూర్వజన్మ కర్మ గుర్తుకు రావడం మన ప్రాంతంలో సహజం. ఈ బోధలో పూర్వజన్మ లేదు. ఆదాము అవిధేయత వల్ల మానవజాతి అంతా పాపమరణాల ఏలుబడిలో పడిందని రోమా పత్రిక 5:12 చుట్టూ అపొస్తలుడైన పౌలు వాదిస్తాడు. తాత తప్పుకు మనుమడికి శిక్ష ఏమిటని ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. తండ్రి దోషాన్ని కుమారుడు మోయడన్న యెహెజ్కేలు 18:20ను దాచకుండా చదివించండి. సంఘాలన్నీ ఒకే జవాబు చెప్పలేదని కూడా ఒప్పుకోండి: ఆదాము దోషంలో అందరికీ పాలుందని పాశ్చాత్య సంఘ వేదాంతి ఆగస్టీను (354–430) బోధించగా, సంక్రమించేది మరణమూ చెడు వైపు మొగ్గూ తప్ప దోషం కాదని తూర్పు ఆర్థడాక్సు సంఘాలు సాధారణంగా చెబుతాయి.

కాజీపేట, హన్మకొండల్లో కథోలికులూ బాప్టిస్టులూ కలిసి కూర్చునే కూటమైతే బాప్తిస్మం ప్రస్తావన తప్పక వస్తుంది. జ్ఞానస్నానం (బాప్తిస్మానికి కథోలికులు వాడే పేరు) జన్మపాపాన్ని తొలగిస్తుందనీ, ఆ తరువాత మిగిలే దురాశ, అంటే పాపం వైపు లాగే కోరిక, దానంతట అదే పాపం కాదనీ 1546లో కథోలిక సంఘపు ట్రెంటు మహాసభ ప్రకటించింది. ఆ దురాశ కూడా పాపమేనని ప్రొటెస్టెంటు సంస్కర్త లూథరు అప్పటికే బోధించాడు. కథోలికులు పసిపిల్లలకు జ్ఞానస్నానం ఇస్తారు, బాప్టిస్టులు విశ్వాసం ఒప్పుకున్నవారికే బాప్తిస్మం ఇస్తారు. ఇరువురి చేతా వారి వారి కారణాలు చెప్పించండి, తీర్పు మాత్రం మీరు చెప్పకండి.

సాక్ష్యం పేరుతో ఎవరి తప్పులనూ నలుగురిలో బయటపెట్టించవద్దు. అందుకు బదులుగా, చేయగోరిన మేలు చేయలేకపోతున్నానని పౌలు వాపోయే రోమా 7:15 నుండి 8:4 వరకు ఆగకుండా చదివించండి. ఏడవ అధ్యాయంతోనే ఆపితే శ్రోతలు నిరాశతో ఇళ్లకు వెళతారు. పౌలు వాదం అక్కడ ముగియదు.