సర్వర్ల వివరాలు ఆన్సిబుల్‌తో రాబట్టడం

మా 40 సర్వర్ల లెక్క ఎక్సెల్ షీట్‌లో ఉండేది. సగం తప్పులే. ఇప్పుడు ఆన్సిబుల్ (చాలా సర్వర్లను ఒకే చోటి నుంచి నడిపించే టూల్) ద్వారా నేరుగా సర్వర్లనే అడుగుతున్నా.

ముందు ఒక్క సర్వర్ మీద సెటప్ మాడ్యూల్ (సర్వర్ వివరాలు సేకరించే ఆన్సిబుల్ భాగం) నడపండి. ఓఎస్ వెర్షన్, మెమరీ, డిస్కులు, ఐపీ అడ్రసులు అన్నీ జేసన్ (పేరు-విలువ జతలుగా ఉండే టెక్స్ట్) రూపంలో చాంతాడంత వస్తాయి. కంగారు పడకండి, ఫిల్టర్ ఆప్షన్ ఇస్తే కావలసిందే మిగులుతుంది.

ర్యాక్ నంబర్ (సర్వర్ ఏ అరలో ఉందో చెప్పేది) లాంటివి ఆన్సిబుల్‌కెలా తెలుస్తాయి? మనమే చెప్పాలి. సర్వర్‌లో ఈటీసీ కింద, ఆన్సిబుల్ ఫోల్డర్‌లో, ఫ్యాక్ట్స్ డాట్ డి అనే డైరెక్టరీ పెట్టి, డాట్ ఫ్యాక్ట్ ఎక్స్‌టెన్షన్‌తో చిన్న ఐఎన్ఐ ఫైలు (వరుసకో పేరు, దాని విలువ ఉండే సెట్టింగ్స్ ఫైలు) రాయండి. దానికి ఎగ్జిక్యూట్ పర్మిషన్ మాత్రం ఇవ్వొద్దు. ఇస్తే స్క్రిప్ట్ అనుకుని నడపబోతుంది. నేను ఇచ్చి ఓ సాయంత్రమంతా తల పట్టుకున్నా. ఫైల్లో రాసిన విలువలు సెటప్ ఫలితంలో ఆన్సిబుల్ లోకల్ కింద కనిపిస్తాయి.

ఈ వివరాలు అక్కర్లేని ప్లేబుక్‌లో (ఆన్సిబుల్ చేయాల్సిన పనులు రాసే ఫైలు) గ్యాదర్ ఫ్యాక్ట్స్ సెట్టింగ్‌ను ఫాల్స్ చేయండి, వివరాల సేకరణ ఆగి టైం మిగులుతుంది.